ఆమె వద్దన్న రెండు యుద్ధాలు

మా అమ్మమ్మ లెక్కలో రెండో ప్రపంచ యుద్ధం ఒక్క రోజే జరిగింది. అది 1942 ఏప్రిల్ 6. ఆ రోజు జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటికి ఆవిడకు తొమ్మిదేళ్ళు. రేవు వైపు నుంచి వచ్చిన చప్పుడును మొదట ఉరుమనుకున్నారట. మర్నాటికి వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. వాళ్ళ నాన్నగారు పెరట్లో నూతి పక్కన గొయ్యి తీయించి, ఇత్తడి బిందెలూ గుండిగలూ పాతిపెట్టి, గుర్తు కోసం పైన ఒక అరటిపిలక నాటి, ఇంటిల్లిపాదినీ ఎడ్లబండి మీద విజయనగరం అవతల మేనత్తగారి ఊరికి చేర్చారు. తిరిగి వచ్చేసరికి అరటి గెల వేసిందనీ, తవ్వి చూస్తే బిందెల్లో ఒకటి తగ్గిందనీ ఆవిడ చివరి దాకా చెబుతూనే ఉంది. యుద్ధం వల్ల ఆ ఇంటికి జరిగిన నష్టం ఒక బిందె.

సరిగ్గా పాతికేళ్ళ ముందు అదే తేదీన, 1917 ఏప్రిల్ 6 తెల్లవారుజామున మూడు గంటల వేళ, వాషింగ్టన్‌లో అమెరికా ప్రతినిధుల సభ జర్మనీ మీద యుద్ధం ప్రకటించే తీర్మానానికి పేరుపేరునా ఓట్లు తీసుకుంటోంది. మోంటానా రాష్ట్రం నుంచి వచ్చిన జానెట్ ర్యాంకిన్ పేరు మొదటిసారి పిలిచినప్పుడు జవాబు రాలేదు. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొట్టమొదటి మహిళ ఆమె. ప్రమాణం చేసి నాలుగు రోజులే అయింది. మొదటి పిలుపుకూ రెండో పిలుపుకూ మధ్య మాజీ స్పీకర్ జో కానన్ దగ్గరకు వచ్చి, ఓటు వేయకుండా ఊరుకోవడం ఆమెకు తగదనీ, దేశంలోని స్త్రీలందరి తరఫునా ఆమె అక్కడ ఉన్నారనీ చెప్పారంటారు. రెండోసారి పిలిచినప్పుడు ఆమె లేచి, "నా దేశం వెంట నిలబడాలని ఉంది, కానీ యుద్ధానికి ఓటు వెయ్యలేను" అన్నారు. పేర్లు పిలుస్తున్నప్పుడు అవునో కాదో చెప్పి కూర్చోవాలి తప్ప మరో మాట మాట్లాడకూడదన్నది ఆ సభ ఆనవాయితీ. ఆమె దాన్ని కూడా దాటారు. తీర్మానం 373–50తో నెగ్గింది.

ఇరవై నాలుగేళ్ళ తరువాత, 1941 డిసెంబరు 8న, అదే సభలో జపాను మీద యుద్ధ తీర్మానానికి 388 మంది అవునన్నారు, ఒక్కరు కాదన్నారు. ఆ ఒక్కరూ ర్యాంకినే. అమెరికా రెండు ప్రపంచ యుద్ధాల్లోకీ అడుగుపెట్టడాన్ని ఓటు వేసి కాదన్న సభ్యులు ఆమె తప్ప మరొకరు లేరు.

నేను ఆమె అభిమానిని. ఆమె రెండో ఓటు తప్పని కూడా నా అభిప్రాయం. అమ్మమ్మ కథ వింటూ పెరిగినవాణ్ణి, జపాను సైన్యాన్ని ఎవరో ఒకరు ఆపవలసిన అవసరం లేదని నేను అనలేను. ఈ రెండు మాటలూ ఒకే నోట ఎలా వస్తాయని చాలాకాలం నన్ను నేనే అడుగుతూ వచ్చాను. శాంతిని ప్రేమించేవారు ఆమెను దేవతను చేస్తే, దేశభక్తిని కొలతబద్దలతో కొలిచేవారు ఆమెను మూర్ఖురాలిని చేశారు. రెండు పక్షాలూ ఆమెను ఆ రెండు ఓట్లకు కుదించాయి. ఆ రెండు ఓట్లకూ మధ్య ఒక మనిషి బతుకు ఉంది. దాన్ని పక్కన పెడితే ఆ ఓట్లు అర్థం కావని నా వాదన.

ఆమె 1880 జూన్ 11న మిజూలా దగ్గర పుట్టారు. అప్పటికి మోంటానా రాష్ట్రం కాలేదు, 1889లో అయింది. కెనడా నుంచి వచ్చిన తండ్రికి పశువుల మేత భూములూ, ఇళ్ళు కట్టించే వ్యాపారమూ ఉండేవి. తల్లి పెళ్ళికి ముందు బడిపంతులమ్మ. పిల్లల్లో పెద్దది కావడంతో ఇంటి పనీ బయటి పనీ రెండూ జానెట్ మీద పడ్డాయి. గాయపడ్డ గుర్రానికి ఆమె కుట్లు వేసిందన్న కథ ఇప్పటికీ చెబుతారు. 1902లో మోంటానా విశ్వవిద్యాలయం నుంచి జీవశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. టీచరుగా, దర్జీ పనిలో, ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నించి, న్యూయార్క్ వెళ్ళి సమాజసేవలో శిక్షణ పొంది, అనాథ పిల్లల సంస్థలో పనిచేశారు. నిజమైన చదువు మాత్రం 1910లో వాషింగ్టన్ రాష్ట్రంలో స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలో మొదలైంది. 1911 ఫిబ్రవరిలో మోంటానా శాసనసభ ముందు నిలబడి అదే హక్కు కోసం మాట్లాడారు. మూడేళ్ళ తరువాత, 1914లో, ఆ రాష్ట్రంలో స్త్రీలకు ఓటు వచ్చింది.

1916లో ఆమె రిపబ్లికన్ పార్టీ తరఫున ఎలా గెలిచారన్నది చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు ఆమె కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన ముక్క అదే. అప్పట్లో మోంటానాకు ప్రతినిధుల సభలో రెండు స్థానాలు ఉండేవి, కానీ రెండు నియోజకవర్గాలు ఉండేవి కావు. రాష్ట్రమంతా ఒకటే నియోజకవర్గం. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. ఒక ఓటు మీ ప్రాంతపు అభ్యర్థికి వేసుకోండి, రెండోది నాకివ్వండి అని అడగడానికి వీలుండేది. ఆమె అలాగే అడిగారు. ఓటుహక్కు ఉద్యమం కోసం రైళ్ళలో, బండ్లలో, గుర్రాల మీద తిరిగిన ఊళ్ళే కాబట్టి ఆమెకు ఊరూరా తెలిసిన స్త్రీలు ఉన్నారు. డబ్బూ వ్యూహమూ తమ్ముడు వెల్లింగ్టన్ చూసుకున్నాడు. అతను న్యాయవాది, రాజకీయం తెలిసినవాడు. ఆ సంవత్సరం అధ్యక్ష ఎన్నికలో మోంటానా, "మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచాడు" అన్న నినాదంతో నిలబడిన డెమొక్రాట్ విల్సన్‌కు ఓటు వేసింది. ఆ గాలిలో కూడా ఈ రిపబ్లికన్ గెలిచింది. యుద్ధం వద్దన్న ఓటు మోంటానాకు కొత్త కాదని గుర్తుంచుకోవాలి. మాట మార్చింది విల్సన్, ఆమె కాదు.

తొలి ఓటు దగ్గర ఆమెకు జరిగిన అన్యాయం గురించి కాస్త కోపంగానే రాస్తున్నాను. ఆ రాత్రి కాదన్నవాళ్ళు 50 మంది. అందులో 49 మంది మగవాళ్ళు. అధికార డెమొక్రాట్ల సభాపక్ష నాయకుడు క్లాడ్ కిచిన్ కూడా ఆ 50 మందిలో ఒకడు. రెండు రోజుల ముందు సెనేట్‌లో 82–6తో తీర్మానం నెగ్గినప్పుడు లా ఫాలెట్, నారిస్ వంటి పేరున్న సెనేటర్లు వ్యతిరేకంగా ఓటు వేశారు. వాళ్ళందరి ఓట్లనూ రాజకీయ అభిప్రాయాలుగా చూశారు, తిట్టినా అలాగే తిట్టారు. ఆమె ఓటును మాత్రం ఆడమనసుగా చూశారు. ఆమె ఏడ్చిందని పత్రికలు రాశాయి. అదే సభలో కూర్చుని యుద్ధానికి అవునన్న లా గార్డియాను తరువాత ఎవరో ఈ విషయమే అడిగితే, ఆమె ఏడ్చిందో లేదో తనకు తెలియదనీ, తన కళ్ళలో నీళ్ళుండడంతో కనబడలేదనీ చెప్పాడు. మగవాళ్ళ కన్నీళ్ళు ఆ పత్రికల్లో పతాక శీర్షికలు కాలేదు. ఓటుహక్కు ఉద్యమంలోనే పెద్ద నాయకురాలైన క్యారీ చాప్‌మన్ క్యాట్‌కు కూడా ఆ ఓటు రుచించలేదు. స్త్రీలకు ఓటిస్తే దేశం బలహీనపడుతుందన్న వాదనకు అది బలమిస్తుందని ఆమె భయం. అదే ఉద్యమంలోని ఆలిస్ పాల్ వంటివారు మాత్రం స్త్రీలు యుద్ధాన్ని వ్యతిరేకించాలని ముందే వచ్చి చెప్పారు. సభలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ మీద దేశంలోని స్త్రీలందరి బరువూ వేస్తే ఏమవుతుందో ఆ వారంలో తెలిసింది.

ఆ తరువాతి రెండేళ్ళలో ఆమె చేసిన పని చూద్దాం. 1917 జూన్ 8 రాత్రి మోంటానాలోని బ్యూట్ పట్నంలో స్పెక్యులేటర్ అనే రాగి గనిలో మంటలు పుట్టి 168 మంది చనిపోయారు. ఎక్కువమంది కాలిపోలేదు, పొగకూ విషవాయువులకూ ఊపిరాడక పోయారు. ఎంత వెదికినా బయటికి దారి దొరకని కొందరు, చనిపోయే ముందు భార్యలకు చీటీలు రాసి పెట్టుకున్నారు. బ్యూట్ కార్మికులు సమ్మెకు దిగారు. రాష్ట్రంలో రాగినీ, పత్రికలనూ, చాలావరకు రాజకీయాన్నీ చేతిలో పెట్టుకున్న అనకొండా కంపెనీ లొంగలేదు. ఆగస్టు 1న ఫ్రాంక్ లిటిల్ అనే కార్మిక నాయకుణ్ణి ముసుగు మనుషులు గదిలోంచి లాక్కుపోయి ఉరి తీశారు. ఆ నెలలోనే ర్యాంకిన్ బ్యూట్ వచ్చి వేలమంది ముందు మాట్లాడారు. గనులను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకోవాలని సభలో తీర్మానం పెట్టారు. యుద్ధానికి రాగి కావాలి కాబట్టి సమ్మె చేసేవాడు దేశద్రోహి అన్న మాట ఊరంతా వినబడుతున్న రోజులవి. నా దృష్టిలో ఏప్రిల్‌లో వేసిన ఓటుకంటే ఆగస్టులో బ్యూట్ వేదిక మీద నిలబడడం ఎక్కువ ఖరీదైన ధైర్యం. ఓటు వల్ల వచ్చిన కోపం చల్లారుతుంది, కంపెనీ కోపం చల్లారదు.

చిన్నదిగా కనిపించే ఇంకో పని కూడా చెప్పాలి. దేశపు కరెన్సీ ముద్రించే కార్యాలయంలో స్త్రీ కార్మికులతో యుద్ధం పేరు మీద రోజుకు ఎనిమిది గంటలు దాటి వెట్టి చేయిస్తున్నారని ఆమెకు తెలిసింది. విచారణ జరిగేలా పట్టుబట్టారు. ఎనిమిది గంటల పనిదినం తిరిగి వచ్చింది. 'యుద్ధం వద్దన్న మనిషి' అన్న చిత్రంలో ఈ నోట్ల ముద్రణశాలకు చోటు ఉండదు, అందుకే ఎవరూ చెప్పరు.

1918 జనవరి 10న దేశవ్యాప్తంగా స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చే రాజ్యాంగ సవరణ మీద చర్చను ఆమె మొదలుపెట్టారు. ప్రపంచంలో ప్రజాస్వామ్యాన్ని కాపాడడానికని యుద్ధానికి ఓటేసిన ఈ సభే, సొంత దేశపు స్త్రీలకు ఈ కాస్త ప్రజాస్వామ్యం కూడా ఇవ్వకపోతే దాని అర్థం ఏమిటని వాళ్ళకు ఎలా వివరిస్తారని అడిగారు. జర్మనీ మీద యుద్ధానికి ఓటు వేయని మనిషి, వేసినవాళ్ళ మాటనే వాళ్ళ ముందు పెట్టి లెక్క అడగడంలో ఉన్న నేర్పు గమనించాలి. న్యూయార్క్ సభ్యుడు ఫ్రెడరిక్ హిక్స్ ఆ రోజు మరణశయ్య మీద ఉన్న భార్యను వదిలి వచ్చి ఓటు వేసి, ఆమె అంత్యక్రియలకు తిరిగి వెళ్ళాడు. సవరణ 274–136తో నెగ్గింది. మూడింట రెండు వంతులకు అది సరిగ్గా సరిపోయింది, ఒక్క ఓటు కూడా మిగల్లేదు. సెనేట్‌లో ఆ ఏడు ఆగిపోయింది. చివరికి 1919లో కాంగ్రెస్ ఆమోదించేనాటికి ఆమె సభలో లేరు.

ఎందుకు లేరంటే, మోంటానా శాసనసభ రాష్ట్రాన్ని రెండు నియోజకవర్గాలుగా చీల్చింది. ఆమె ఇల్లున్న పడమటి భాగం డెమొక్రాట్ల కోట. రెండు ఓట్ల సౌకర్యం పోయింది. 1918లో సెనేట్‌కు రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, నిలబడి కొద్ది తేడాతో ఓడిపోయారు. నవంబరులో ఒక చిన్న పార్టీ టికెట్ మీద నిలబడి మూడో స్థానంలో మిగిలారు. యుద్ధం వద్దని వేసిన ఓటే ఆమెను ముంచిందని అందరూ రాస్తారు, కొంతవరకు నిజమే. కానీ గీత మారిస్తే గెలుపు మారుతుందన్న సంగతి మన ఊళ్ళో వార్డు మెంబరుకు కూడా తెలుసు. ఆమెకు కూడా తెలుసు కాబట్టే, ముసలితనంలో ఎక్కడ మాట్లాడినా ఒక నియోజకవర్గం నుంచి పలువురు సభ్యులు ఉండాలని వాదించేవారు. ఎదురు మాట్లాడేవాళ్ళు సభలోకి రావాలంటే వాళ్ళ ధైర్యం ఒక్కటే చాలదనీ, అలాంటివాళ్ళను లోపలికి రానిచ్చే ఎన్నికల పద్ధతి కూడా ఉండాలనీ ఆమె సొంత అనుభవం.

ఆమెను దేవతను చేసినవారు దాచే ఓటు ఒకటి ఉంది. 1917 డిసెంబరు 7న ఆస్ట్రియా-హంగరీ మీద యుద్ధ తీర్మానం వచ్చింది. దానికి జానెట్ ర్యాంకిన్ అవునన్నారు. యుద్ధం తెలివితక్కువ పద్ధతి అన్న తన అభిప్రాయం మారలేదంటూనే, ఇది ఇప్పటికే జరుగుతున్న యుద్ధంలో ఒక లాంఛనమని చెప్పి ఓటు వేశారు. ఆ రోజు 365 మందికి ఎదురుగా ఒక్కడే కాదన్నాడు. అతను న్యూయార్క్ ఈస్ట్ సైడ్ కార్మికవాడల నుంచి వచ్చిన సోషలిస్టు, పేరు మేయర్ లండన్ (మేయర్ అన్నది పదవి కాదు, పేరే). అతని పేరు ఈరోజు ఎవరికీ గుర్తులేదు. ఆమె సైన్యం కోసం అప్పుపత్రాలు అమ్మే ప్రచారంలో కూడా పాల్గొన్నారు. కొందరు దీన్ని తడబాటు అంటారు. నాకు అలా అనిపించదు. "నా దేశం వెంట నిలబడాలని ఉంది" అన్న మాట ఏప్రిల్‌లో అలంకారం కోసం అన్నది కాదని ఈ డిసెంబరు ఓటు చూస్తేనే తెలుస్తుంది. పిల్లలు కందకాల్లోకి వెళ్ళిపోయాక వాళ్ళకు ఎదురు నిలబడడం వేరు, పంపించకండి అనడం వేరు.

మధ్య ఇరవై ఏళ్ళ గురించి త్వరగా చెప్తాను. 1919లో శాంతి ఉద్యమ నాయకురాలు జేన్ ఆడమ్స్‌తో కలిసి జ్యూరిక్‌లో జరిగిన అంతర్జాతీయ స్త్రీల మహాసభకు వెళ్ళారు. తల్లులకూ పసిపిల్లలకూ వైద్య సహాయం కోసం ఆమె సభలో ఉండగా ప్రవేశపెట్టిన బిల్లు, మరొకరి పేరుతో 1921లో షెపర్డ్–టౌనర్ చట్టమైంది; దాని కోసం ఆమె బయటి నుంచి పనిచేశారు. 1924లో జార్జియా రాష్ట్రంలో ఒక చిన్న పొలం కొనుక్కుని నిరాడంబరంగా బతికారు, ఊరి పిల్లల్ని పోగుచేసి క్లబ్బులు నడిపారు, 1928లో జార్జియా శాంతి సంఘం స్థాపించారు, పదేళ్ళపాటు యుద్ధ నివారణ సంస్థ తరఫున వాషింగ్టన్‌లో సభ్యుల గదుల చుట్టూ తిరిగారు. ఇరవై ఏళ్ళు ఒకే మాట చెబుతూ పదవి లేకుండా తిరగడం ఎంత విసుగు పుట్టించే పనో, ఏదైనా పిటిషన్ పట్టుకుని ప్రభుత్వ కార్యాలయం మెట్లెక్కినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

1940లో, అరవై ఏళ్ళ వయసులో, మళ్ళీ మోంటానా వచ్చి పడమటి నియోజకవర్గం నుంచి నిలబడ్డారు. ప్రైమరీలో ఆమె ఓడించిన జేకబ్ థోర్కెల్సన్ యూదు ద్వేషాన్ని బాహాటంగా వెళ్ళగక్కిన సిట్టింగ్ సభ్యుడు. నియోజకవర్గంలోని హైస్కూళ్ళన్నీ దాదాపుగా తిరిగి, ఓటు లేని పిల్లలతో మాట్లాడి, మీ అమ్మానాన్నలకు చెప్పండి అని అడిగారు. ఆమె దాచింది ఏమీ లేదు. ఎన్నికైతే యుద్ధానికి ఓటు వెయ్యనన్నది ఆమె ప్రచారమే. జనం ఆ మాట విని మరీ ఎన్నుకున్నారు.

1941 డిసెంబరు 7న ఆమె ఒక ఉపన్యాసం కోసం డెట్రాయిట్ రైలులో ఉన్నారు. పెర్ల్ హార్బర్ వార్త విని దారిలో దిగి వెనక్కి వచ్చారు. మర్నాడు రూజ్వెల్ట్ ప్రసంగం అయ్యాక సభలో చర్చ గంట కూడా సాగలేదు. ఆమె మాట్లాడడానికి పదేపదే లేచారు. స్పీకర్ శామ్ రేబర్న్ గుర్తించలేదు. చుట్టూ కూర్చోమన్న కేకలు. ఎవరెట్ డర్క్‌సన్ సహా కొందరు తోటి రిపబ్లికన్లు వచ్చి, ఓటు మార్చుకోమనీ, కనీసం అవునూ కాదూ అనకుండా 'హాజరు' అని ఊరుకోమనీ బతిమాలారు. "స్త్రీగా నేను యుద్ధానికి వెళ్ళలేను, మరొకరిని పంపడానికి ఒప్పుకోను" అన్నారు. ఓటింగ్ అయ్యాక బయట గుంపు చుట్టుముట్టింది. ఆమె పక్కనే ఉన్న టెలిఫోన్ బూత్‌లో దూరి, తలుపు వేసుకుని, కాపిటల్ (కాంగ్రెస్ భవనం) పోలీసులకు ఫోన్ చేశారు. వాళ్ళు వచ్చి కార్యాలయం దాకా తోడు వచ్చారు. ఆ బూత్‌లో ఫోన్ పట్టుకుని ఉన్న ఆమె ఫొటో ఉంది. టోపీ పెట్టుకున్న అరవై ఒక్కేళ్ళ ఆవిడ, అద్దాల పెట్టెలో. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు ఆ 388 మంది కంటే ఆ తలుపే ఎక్కువ గుర్తుంటుంది. తమ్ముడు వెల్లింగ్టన్ నుంచి సందేశం వచ్చింది: మోంటానా నూటికి నూరు శాతం నీకు వ్యతిరేకం.

ఆ ఓటు తప్పని ఎందుకంటున్నానంటే, 1917లో అమెరికా ముందు ఎంచుకునే వీలుంది, 1941లో లేదు. దాడి జరిగిపోయింది. యుద్ధం ప్రకటించకపోయినా యుద్ధం ఉంది. అప్పటికే నాలుగేళ్ళుగా చైనాలో జపాను చేసిన పనులు లోకానికి తెలుసు. నాలుగు నెలల్లో వాళ్ళ విమానాలు మా అమ్మమ్మ వీధి దాకా వచ్చాయి. ఏడాది తరువాత, 1942 డిసెంబరు 8న, ఆమె సభ రికార్డులో చేర్చిన ప్రసంగం నన్ను ఇంకా ఇబ్బంది పెడుతుంది: రూజ్వెల్ట్, చర్చిల్ కలిసి జపానును రెచ్చగొట్టి ఈ దాడి తెచ్చిపెట్టారన్నది అందులోని ఆరోపణ సారాంశం. నెత్తురు చిందించకూడదన్న నమ్మకం నుంచి, నెత్తురు చిందించినవాడి తప్పును బాధితుడి ఖాతాలో రాసే దాకా ఆ వాదన జారిపోయింది. అభిమానులు ఈ ప్రసంగం ఊసెత్తరు. ఎత్తాలి.

అయినా ఆ ఓటు అక్కడ పడి ఉండాల్సిందేనని నేననుకుంటాను. ఒక నిర్ణయం సరైనదైనప్పుడు కూడా, దాన్ని ఏకగ్రీవమని రాయడం అబద్ధమైతే ఆ అబద్ధం దేశానికి మంచిది కాదు. ఆ రోజు సభలో లోలోపల వద్దనుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారనీ, ఆమె చేసిన పని చేయడానికి ఓ వందమంది ఇష్టపడి ఉంటారు గానీ ఒక్కరికీ ధైర్యం లేకపోయిందనీ కాన్సస్‌లో పత్రిక నడిపే విలియం ఆలెన్ వైట్ రాశాడు. ఆమె నిర్ణయంతో తన పత్రిక ఏమాత్రం ఏకీభవించదని చెబుతూనే, అది ఎంత ధైర్యమైన పనో అన్నాడు. అప్పటి సంపాదకీయాల్లో నాకు నచ్చిన తూకం అది. ఇంకొకటి: ఆమె ఓటర్లను మోసం చేయలేదు. చెప్పిన మాటకు కట్టుబడి ఓటేసి, దాని ఫలితం అనుభవించడానికి సిద్ధపడ్డారు. మూడు రోజుల తరువాత జర్మనీ, ఇటలీల మీద తీర్మానాలు వచ్చినప్పుడు 'హాజరు' అని మాత్రమే చెప్పారు. 1942లో మళ్ళీ నిలబడలేదు.

ఈ దేశం నుంచి చూసేవాడిగా ఒక్క మాట. ఆ రోజు ఆమె సొంత పార్టీవాళ్ళు బతిమాలగలిగారే తప్ప సభ్యత్వం తీసేయలేకపోయారు. శిక్ష వేసే అధికారం మోంటానా ఓటర్లకే ఉంది. మన దగ్గర 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం, ప్రకారం పార్టీ విప్‌ను కాదని ఓటేస్తే సీటే పోవచ్చు. 1984 ఆగస్టులో హైదరాబాదులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని పడగొట్టిన తీరూ, ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటక దాకా తరలించాల్సి రావడమూ చూసిన తరం ఆ చట్టాన్ని ఎందుకు హర్షించిందో నాకు తెలుసు. కానీ అమ్ముడుపోయి చెయ్యెత్తినవాడికీ, మనస్సాక్షి ఒప్పుకోక చెయ్యెత్తనివాడికీ ఆ చట్టం ముందు తేడా లేదు. ర్యాంకిన్ లాంటి మనిషి మన సభల్లో ఉన్నా మనకు కనబడే అవకాశం తక్కువ.

అమెరికాలో మాత్రం అంతా బాగుందని కాదు. 1942 తరువాత ఆ దేశపు కాంగ్రెస్ లాంఛనంగా యుద్ధం ప్రకటించనే లేదు. కొరియా, వియత్నాం, ఇరాక్, అన్నీ వేరే పేర్లతో జరిగాయి. వియత్నాంకు తలుపు తీసిన 1964 ఆగస్టు టోంకిన్ తీర్మానానికి ప్రతినిధుల సభలో 416 మంది అవునంటే వ్యతిరేకంగా ఒక్కరూ లేరు. సెనేట్‌లో వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్ ఇద్దరే కాదన్నారు. ఆ తీర్మానం ఎంత కాలం ఎన్ని ప్రాణాలు తీసిందో మనకు తెలుసు. 2001 సెప్టెంబరు 14న సైనిక చర్యకు అనుమతిచ్చే తీర్మానం 420–1తో నెగ్గింది, ఆ ఒక్కరు కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీ. ఇరవై ఏళ్ళ పాటు, ఎన్నో దేశాల్లో చర్యలకు ఆ చిన్న కాగితాన్నే ఆధారంగా చూపించారు. 1941లో ఒంటరి ఓటు తప్పై ఉండవచ్చు. 2001లో ఒంటరి ఓటు సరైనదైంది. వేసే రోజున ఏది ఏదో చెప్పే యంత్రం ఎవరి దగ్గరా లేదు.

యుద్ధం ముగిశాక ర్యాంకిన్ మన దేశానికి వచ్చారు. 1946లో మొదలుపెట్టి మొత్తం ఏడుసార్లు. గాంధీ పద్ధతులు తెలుసుకోవాలన్నది ఆ ప్రయాణాల అసలు ఉద్దేశం. 1968 జనవరి 15న, ఎనభై ఏడేళ్ళ వయసులో, వియత్నాం యుద్ధం ఆపమని దాదాపు 5,000 మంది స్త్రీలు వాషింగ్టన్ మంచులో నడిచినప్పుడు ముందు వరుసలో ఆమె ఉన్నారు. ఆ నడకకు ఆమె పేరే పెట్టారు. ఆమె వదిలివెళ్ళిన స్థానంలో 1942లో గెలిచిన మైక్ మాన్స్‌ఫీల్డ్ ఆనాటికి సెనేట్‌లో అధికారపక్ష నాయకుడు. వినతిపత్రం తీసుకుని ఆమె వెళ్ళి కలిసినవారిలో అతనూ ఒకడు. 1973 మే 18న తొంభై రెండేళ్ళ వయసులో కాలిఫోర్నియాలో పోయారు. ఆస్తిలో కొంత భాగం వయసు మళ్ళిన, ఉద్యోగం లేని స్త్రీల చదువుకు వెళ్ళింది. ఆ డబ్బుతో మొదలైన నిధి ఇప్పటికీ విద్యార్థి వేతనాలు ఇస్తోంది.

మన పార్లమెంటు పదో షెడ్యూలును చేర్చిన ఆ 1985లోనే, నూటికి నూరు శాతం వ్యతిరేకమన్న మోంటానా రాష్ట్రం తన తరఫున ఆమె కంచు విగ్రహాన్ని కాపిటల్ భవనంలో నిలబెట్టింది. పీఠం మీద ఆమె మాట చెక్కారు: "యుద్ధానికి ఓటు వెయ్యలేను." 1917 ఏప్రిల్ 6 తెల్లవారుజామున ఆమె అన్న వాక్యంలో అది రెండో సగం. "నా దేశం వెంట నిలబడాలని ఉంది" అన్న మొదటి సగాన్ని రాతిలోకి ఎక్కించలేదు. చెక్కే చోటు చాలకనో, ఆ మాట బరువు తెలియకనో నేను చెప్పలేను. బ్యూట్ గని దగ్గర నిలబడినదీ, నోట్ల ముద్రణశాలలో గంటలు లెక్కపెట్టినదీ, డిసెంబరులో ఇష్టంలేని ఓటు వేసినదీ ఆ మొదటి సగం మనిషే.